చెరువు కట్ట మీద తీసిన ఫోటోల్లో ఒక్క చుక్క కూడా గుండ్రంగ రావట్లే, కారణం చెప్పండి

దేవరకొండ_రాత్రులు
2025 మార్చి 1, రాత్రి 10:48

అందరికీ నమస్తే. మాది దేవరకొండ దగ్గర చిన్న ఊరు. పోయిన అక్టోబర్‌ల తోకచుక్క కనపడ్డప్పుడు మా దోస్తు వాళ్ళ బావి కాడ నిలబడి ఫోన్ తోటి తీసిన ఫోటో చూపించిండు, అది చూసిన కాన్నుంచి నాకు రాత్రిపూట ఆకాశం తప్ప ఇంకోటి కనపడ్తలేదు. సెకండ్ హాండ్‌ల ఒక కెమెరా తీసుకున్న, 24 మెగాపిక్సెల్, క్రాప్ సెన్సార్ (ఫుల్ ఫ్రేమ్ కన్న చిన్న సెన్సార్), దాంతోపాటు వచ్చిన 18-55 కిట్ లెన్స్.

మొన్న శివరాత్రికి ఊరంత జాగారం ఉంటే నేను ట్రైపాడ్ పట్టుకొని చెరువు కట్ట మీదికి పోయిన. చంద్రుడు లేడు, మబ్బు లేదు, గొర్రుకొయ్యలు (ఓరియన్ నడుము కాడి మూడు చుక్కలు) సరిగ్గ నెత్తి మీద ఉన్నయి. 18 ఎంఎం, ఎఫ్ 3.5, 30 సెకన్లు, ఐఎస్ఓ 3200. తొమ్మిది నుంచి రెండు దాక 140 ఫోటోలు తీసిన. కెమెరా స్క్రీన్ మీద ఎంత ముద్దుగున్నయో, పొద్దున ల్యాప్‌టాప్‌ల పెద్దగ చేసి చూస్తే ఒక్క చుక్క గుండ్రంగ లేదు, అన్ని బియ్యపు గింజల్లెక్క సాగినయి. పన్నెండు దాటినంక తీసినయి ఇంకా ఘోరం, చుక్కల చుట్టు పొగ పట్టినట్టు మసక. లెన్స్ పోయిందా? ఎనిమిది వేలు పెట్టిన, మల్ల కొనే పరిస్థితి లేదు. తెలిసినోళ్ళు చెప్పుండ్రి.

సాగర్_కెమెరా
మార్చి 1, రాత్రి 11:15

తమ్మి, లెన్స్ మంచిగనే ఉంది, భయపడకు. 30 సెకన్లు ఎక్కువైంది అంతే. 500 లెక్క అని ఒకటి ఉంటది, 500ని నీ ఫోకల్ లెంగ్త్‌తో భాగించాలె, క్రాప్ సెన్సార్ అయితే ముందుగాల 1.5తో గుణించాలె. 18 ఇంటు 1.5 అంటే 27, 500ని 27తో భాగిస్తే 18 సెకన్లు. అంతకు మించితే చుక్క కదిలినట్టు తెలుస్తది. నేను హాలియా పక్కన పొలాల్లకెళ్ళి తీసినప్పుడు 15 దాటను.

పాలమూరు_ఆకాశం
మార్చి 2, ఉదయం 6:40

సాగర్ అన్న చెప్పింది కరెక్టే గాని ఇప్పటి సెన్సార్లకు 500 లెక్క కొంచెం వదులుగ ఉంటది. ఎన్‌పీఎఫ్ అని ఇంకో లెక్క ఉంది. ఎఫ్ నంబర్‌ను 35తో గుణించు, పిక్సెల్ సైజు మైక్రాన్లల్ల తీసుకొని 30తో గుణించు, రెండూ కూడి ఫోకల్ లెంగ్త్‌తో భాగించు. 24 మెగాపిక్సెల్ క్రాప్ సెన్సార్ అంటున్నవు కాబట్టి ఒక్కో పిక్సెల్ దగ్గరదగ్గర 3.9 మైక్రాన్లు. 3.5 ఇంటు 35 అంటే 122.5, 3.9 ఇంటు 30 అంటే 117, కలిపితే 239.5, దాన్ని 18తో భాగిస్తే 13 సెకన్ల చిల్లర. నీకు 13 సెకన్లు పెట్టుకో.

ఎందుకో కూడా చెప్తా, లెక్క తెలిస్తే మర్చిపోవు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతది, అంటే సెకనుకు 15 ఆర్క్ సెకన్లు (డిగ్రీని 3600 ముక్కలు చేస్తే ఒక ముక్క ఒక ఆర్క్ సెకను). 18 ఎంఎం దగ్గర నీ కెమెరాల ఒక్క పిక్సెల్ దాదాపు 45 ఆర్క్ సెకన్ల ఆకాశాన్ని చూస్తది. 30 సెకన్లల్ల చుక్క 450 ఆర్క్ సెకన్లు జరిగింది, అంటే 10 పిక్సెళ్ళు. నీ బియ్యపు గింజ అదే. 13 సెకన్లకు నాలుగు పిక్సెళ్ళు మాత్రమే, అది కంటికి చుక్కలెక్కనే కనపడ్తది.

మునుగోడు_మొబైల్
మార్చి 2, ఉదయం 7:05

వైబ్రేషన్ రిడక్షన్ ఆఫ్ చేసినవా అన్నా? ట్రైపాడ్ మీద పెట్టినప్పుడు అది ఆన్‌ల ఉంటే లేని కదలికను సరిచేద్దామని అదే కదుల్తది.

లెక్కలసార్_నల్లగొండ
మార్చి 2, ఉదయం 9:30

అందరూ 30 సెకన్ల మీద పడ్డారు, అది నిజమే, కానీ తొందరపడి అదొక్కటే కారణమని తీర్పు ఇవ్వకండి. బాబూ, నీ ఫోటోల్లో ఉత్తరం వైపు తీసినవి ఏమన్నా ఉన్నాయా? ఉంటే అందులో ధ్రువ నక్షత్రాన్ని వెతుకు. మన జిల్లా 17 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది కాబట్టి అది కూడా ఉత్తరాన నేల నుంచి సుమారు 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, చెయ్యి చాపి పిడికిలి పట్టుకుంటే పది డిగ్రీలు, పిడికిలిన్నర మీద కొంచెం. తాటిచెట్ల వెనకాల దాక్కునేంత కిందికి ఉంటుంది, చాలామంది పైన ఎక్కడో వెతుకుతారు.

ఎందుకు అడుగుతున్నానంటే, ఆకాశమంతా ఒకే వేగంతో కదిలినట్టు ఫోటోలో పడదు. గొర్రుకొయ్యలు దాదాపు ఖగోళ మధ్యరేఖ (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే గీత) మీద ఉన్నాయి, అక్కడ గీత అన్నిటికన్నా పొడుగు. ధ్రువం దగ్గరికి వస్తున్నకొద్దీ గీత పొట్టిదవుతుంది. ధ్రువ నక్షత్రం అసలు ధ్రువానికి డిగ్రీ కూడా దూరంలో లేదు, 30 సెకన్లలో అది నీ ఫోటోలో ఒక్క పిక్సెల్ కూడా జరగదు. కాబట్టి ధ్రువ నక్షత్రం గుండ్రంగా ఉంటే తప్పు భూమిది, అంటే టైము తగ్గిస్తే చాలు. అది కూడా సాగి ఉంటే కదిలింది ఆకాశం కాదు, నీ కెమెరా. బళ్ళో పిల్లలకు ఈ ఒక్క ఫోటో చూపించి భూభ్రమణం పాఠం మొత్తం చెప్పొచ్చు, నేను రిటైరయ్యేదాకా చెప్పాను కూడా.

దేవరకొండ_రాత్రులు
మార్చి 2, రాత్రి 8:20

సార్, మీరు చెప్పినట్టు చూసిన. ఉత్తరం దిక్కు 11 ఫోటోలు ఉన్నయి. ధ్రువ నక్షత్రం కూడా సాగింది!! కాని గొర్రుకొయ్యల తీరు కాదు. 300 శాతం పెద్దగ చేసి చూస్తే ఒక పక్క మందంగ గుండులెక్క ఉంది, దానికి సన్నటి తోక ఒకటి కింది దిక్కు వంగి ఉంది, చేపల గాలం ముల్లు లేదా, అట్ల. పక్కన ఉన్న చిన్న చుక్కలకు కూడా అదే ముల్లు, అదే దిక్కు. వైబ్రేషన్ రిడక్షన్ ఆఫ్‌లనే ఉంది, మెనూలకు పోయి చూసిన.

లెక్కలసార్_నల్లగొండ
మార్చి 2, రాత్రి 9:02

మంచిగా పట్టుకున్నావు. అన్ని చుక్కలకూ ఒకే ఆకారం, ఒకే దిక్కు అంటే కెమెరా కదిలింది. మందంగా ఉన్న గుండు ఎక్కువసేపు నిలబడ్డ చోటు, సన్నటి తోక కొద్దిసేపు ఉన్న చోటు. మొదటి ఒకటి రెండు సెకన్లు కెమెరా ఊగింది, తర్వాత నిలబడింది. బటన్ వేలుతో నొక్కుతున్నావు కదా?

దేవరకొండ_రాత్రులు
మార్చి 2, రాత్రి 9:10

అవును సార్, వేలుతోనే. మెల్లగ నొక్కుతున్న అనుకున్న.

సాగర్_కెమెరా
మార్చి 2, రాత్రి 9:14

రెండు సెకన్ల టైమర్ పెట్టు తమ్మి, రిమోట్ కొనే అవసరం కూడా లేదు. చౌక ట్రైపాడ్ అయితే ఐదు సెకన్లు పెట్టు. నడిమి రాడ్డు పైకి లేపకు, మెడకేసుకునే బెల్టు తీసి సంచిల పెట్టు, కట్ట మీద గాలికి అది కొట్టుకుంట ఉంటే కెమెరా మొత్తం వణుకుతది.

గద్వాల_వెన్నెల
మార్చి 2, రాత్రి 10:31

మధ్యల వస్తున్న, ఏమనుకోకండి. నా దగ్గర కెమెరా లేదు, ఫోనే. జూరాల దిక్కు మా చేను ఉంది, గట్టు మీద రెండు ఇటుకలు పెట్టి, బియ్యం నింపిన చిన్న గుడ్డ సంచి మీద ఫోన్ ఆనించి తీస్తున్న. ప్రో మోడ్‌ల 15 సెకన్లు, ఐఎస్ఓ 1600, ఫోకస్ చేత్తోని కొండ గుర్తు దాక జరుపుత. పిల్లలకోడి (కృత్తిక చుక్కల గుంపు) మంచిగనే పడింది, ఫోటో పెట్టిన చూడుండ్రి, ఆరు చుక్కలు విడివిడిగ లెక్కపెట్టిన. బియ్యం సంచి ఎందుకంటే ఫోన్‌ను ఎటు కావాలంటే అటు వంచి ఒత్తితే అట్లనే నిలబడ్తది, ఇసుక కూడా పెట్టి చూసిన గాని కారుతది. కెమెరా లేనోళ్ళు ఆగకుండ్రి.

పాలమూరు_ఆకాశం
మార్చి 2, రాత్రి 10:50

చెల్లె, ఫోటో పెట్టినందుకు థాంక్స్, ఇటుకల మీద తీసిందంటే నమ్మబుద్ధి కాలే. కొన్ని ఫోన్లల్ల ఆస్ట్రో మోడ్ ఉంటది, అది ఒకటే సారి నాలుగు నిమిషాలు తియ్యదు, 16 సెకన్లవి 15 తీసి చుక్కలను ఒకదాని మీద ఒకటి సర్ది కలుపుతది. మనం కెమెరాతోని ల్యాప్‌టాప్‌ల చేసే పనే అది ఫోన్‌ల చేస్తది.

దేవరకొండ_రాత్రులు
మార్చి 4, ఉదయం 1:35

ఇప్పుడే ఇంటికి వచ్చిన, నిద్ర పడ్తలేదు, అందుకే రాస్తున్న. చంద్రుడు మునిగినంక పది నుంచి మొదలుపెట్టిన. 13 సెకన్లు, టైమర్ ఐదు సెకన్లు, బెల్టు తీసేసిన. మొదటి ఐదారు ఫోటోలు సూది మొన లెక్క ఉన్నయి!! ధ్రువ నక్షత్రం చుక్కంటే చుక్కే. నా ఒళ్ళు జలదరించింది నిజంగ.

కాని తర్వాత మల్ల మొదలైంది. ఈసారి ముల్లు లేదు, అన్ని చుక్కలు సన్నగ, కింది నుంచి మీదికి సాగినయి, ధ్రువ నక్షత్రం కూడా. ఫోటో ఫోటోకు ఫ్రేమ్ కూడా కొంచెం కొంచెం జరిగింది. ఏం చెయ్యాలె?

నల్లమల_దారి
మార్చి 4, ఉదయం 7:12

స్టార్ ట్రాకర్ (చుక్కలతోపాటే కెమెరాను తిప్పే మోటార్) కొనుక్కో బ్రో, ఈ బాధలన్నీ పోతాయి.

లెక్కలసార్_నల్లగొండ
మార్చి 4, ఉదయం 8:00

ట్రాకర్ కూడా ట్రైపాడ్ మీదనే కూర్చోవాలి. కింద కాలు నిలబడనప్పుడు పైన ఎంత ఖరీదుది పెట్టినా అంతే. బాబూ, కట్ట మీద మట్టి ఎట్లాంటిది? మొన్న శివరాత్రికి అక్కడే పెట్టావా? కాళ్ళు దిగుతున్నాయేమో చూడు.

దేవరకొండ_రాత్రులు
మార్చి 4, సాయంత్రం 6:45

సార్ మీకు దండం. ఇప్పుడు పొయ్యి చూసిన. కట్టకు పోయినేడు కొత్తగ మట్టి పోసిండ్రు, మీద గట్టిగ పొర ఉంటది గాని తూము పక్కన తడి ఎక్కుతుంది. రాత్రి నేను ట్రైపాడ్ పెట్టిన చోట మూడు గుంటలు ఉన్నయి, రెండు గోరంత లోతు, చెరువు దిక్కు ఉన్న మూడోది నా వేలు రెండు కణుపులు పోయింది. కెమెరా మెల్లగ నీళ్ళ దిక్కు వంగుకుంట పోయింది, నేను పక్కన కూర్చొని చూస్తున్న, నాకు తెల్వనే లేదు.

సాగర్_కెమెరా
మార్చి 4, సాయంత్రం 7:01

మూడు బండ పలకలు తీసుకపో, కాలికొకటి. ట్రైపాడ్ పెట్టినంక పది నిమిషాలు ఆగు, అప్పటిదాక నువ్వు చుట్టు తిరగకు. మత్తడి కాడ సిమెంటు గద్దె ఉంటే ఇంకా మంచిది.

పాలమూరు_ఆకాశం
మార్చి 4, రాత్రి 9:25

ఇగ నీ రెండో సమస్య, పన్నెండు దాటినంక మసక. అది మంచు. కింద చెరువు, పక్కన యాసంగి వరి మళ్ళు, గాలిల తడి ఉంటది. లెన్స్ ముందటి గాజు మబ్బు లేని ఆకాశం దిక్కు చూసుకుంట దాని వేడి పోగొట్టుకుంటది, చుట్టు గాలి కన్న చల్లగ అయితది, అప్పుడు చెంబు మీద నీటిబొట్లు పట్టినట్టు సన్నటి తడి పడ్తది. కంటికి కనపడదు, టార్చి లైటు అడ్డంగ కొట్టి చూస్తే తెలుస్తది. అంగీ అంచుతోని తుడవకు, గీతలు పడ్తయి, తుడిచినా రెండు నిమిషాల్ల మల్ల పడ్తది. పవర్ బ్యాంకుకు పెట్టుకునే యూఎస్‌బీ హీటింగ్ పట్టీలు దొరుకుతయి, లెన్స్ చుట్టు కట్టుకో, గోరువెచ్చగ ఉంటే చాలు. తడి పడకముందే ఆన్ చెయ్యాలె, పడ్డంక ఆరబెట్టుడు కష్టం. లెన్స్ హుడ్ కూడా పెట్టు, కొంచెం ఆలస్యమన్న అయితది.

ఇంకోటి, ఫోకస్. లైవ్ వ్యూల అన్నిటికన్న వెలిగే చుక్కను పది రెట్లు పెద్దగ చేసి చేత్తోని తిప్పు, చుక్క అన్నిటికన్న చిన్నగ అయినకాడ ఆపి టేపు అంటించు. కొన్ని కొత్త కిట్ లెన్సులు లోపల మోటార్ తోని ఫోకస్ తిరిగేవి, కెమెరా స్టాండ్‌బైకి పోయి వస్తే ఫోకస్ జరుగుతది. ఆ టైమర్‌ను ఎక్కువకు పెట్టుకో. నాకు పోయిన ఏడు ఒక రాత్రి మొత్తం అట్లనే పోయింది, మన్యంకొండ దిక్కు చలిల నాలుగు గంటలు నిలబడి తీసిన, ఒక్కటి పనికి రాలే.

నల్లమల_దారి
మార్చి 5, ఉదయం 10:10

ట్రాకర్ గురించి తొందరపడి అన్నాను, సార్ చెప్పింది కరెక్ట్. నాదో ప్రశ్న. మన చుట్టుపక్కల చీకటి ఎక్కువ ఉండేది నల్లమలే కదా, మన్ననూరు దాటి ఫర్హాబాద్ దిక్కు రాత్రి వెళ్ళొచ్చా ఎవరన్నా చెప్పండి.

మునుగోడు_మొబైల్
మార్చి 5, ఉదయం 10:40

పోవద్దు అన్నా. అది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. శ్రీశైలం రోడ్డు మీద అడవి ముక్కల రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాక బండ్లు వదలరు, జంతువులు బండ్ల కింద పడి చావకుండ పెట్టిన రూల్ అది. ఫోటో కోసం దాన్ని తప్పించుకొని పోవుడు తప్పు. కొల్లాపూర్ దిక్కు సోమశిల కాడ కృష్ణ ఒడ్డున ఊరోళ్ళను అడిగి ఉంటే సరిపోతది, నీళ్ళ మీద ఆకాశం కూడా పడ్తది.

సాగర్_కెమెరా
మార్చి 5, మధ్యాహ్నం 1:20

జాగాల మాట వచ్చింది కాబట్టి ఒకటి గట్టిగ చెప్తున్న, అందరు వినుండ్రి. రాత్రిపూట తెల్వని చేన్లల్లకు అడుగు పెట్టకుండ్రి. అడవి పందుల కోసం కొందరు చేను చుట్టు తీగ కట్టి కరెంటు ఇస్తరు, చీకట్ల కనపడదు, మనుషులు చచ్చిపోయిన కేసులు ప్రతి ఏడు పేపర్ల చూస్తనే ఉన్నం. ముందు రోజు పగటిపూట పొయ్యి జాగ చూసుకోండి, ఆ రైతును కలిసి చెప్పుండ్రి, గట్టు లేని బావులు ఎక్కడున్నయో అడుగుండ్రి. కాళ్ళకు బూట్లు, చేతిల టార్చి. నేను పోయిన వేసవిల ఒక ముసలాయనను అడిగితే ఆయననే మంచం తెచ్చి చేన్ల ఏసిండు, రాత్రంత నా పక్కన కూసొని చుక్కల పేర్లు చెప్పిండు.

గద్వాల_వెన్నెల
మార్చి 5, రాత్రి 9:48

మా ఊరి బడి పక్కన కొత్తగ పెద్ద స్తంభం వేసి తెల్ల లైట్లు పెట్టిండ్రు. ఊర్లకు వెలుగు కావాలె, కాదనను, నేనే ట్యూషన్ నుంచి ఆ దారిల వస్త. కాని లైటు కిందికి కాకుండ నాలుగు దిక్కుల ఆకాశంకే కొడ్తుంది. పోయినేడు మా మిద్దె మీదికెళ్ళి పాలపుంత కనపడేది, ఇప్పుడు చేను దాక పోవాలె. లైటు మీద డొప్ప పెట్టి కిందికి వంచమని కాయితం రాసి ఇచ్చిన, ఇంకా జవాబు రాలే.

లెక్కలసార్_నల్లగొండ
మార్చి 6, ఉదయం 6:15

వెన్నెలమ్మా, మళ్ళీ రాయి, వదలొద్దు. తెల్ల ఎల్‌ఈడీలో నీలం పాలు ఎక్కువ, గాలిలో నీలం వెలుగే ఎక్కువ చెదురుతుంది, పగలు ఆకాశం నీలంగా కనపడేది కూడా అందుకే. పాత నారింజ సోడియం దీపాల కన్నా ఇవి ఆకాశాన్ని ఎక్కువ తెల్లబరుస్తాయి. పసుపు ఛాయ ఎల్‌ఈడీ వేసి డొప్ప పెడితే రోడ్డు మీద వెలుగు తగ్గదు, ఆకాశం మిగులుతుంది.

వెలుగు ఏం చేస్తుందో మన కళ్ళ ముందే ఉంది. ఇబ్రహీంపట్నం దాటాక జాపాల, రంగాపూర్ ఊళ్ళ మధ్య ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ళ అబ్జర్వేటరీ ఉంది, 48 అంగుళాల టెలిస్కోప్, 1968లో మొదలైంది. హైదరాబాద్ వెలుగుకు దూరంగా ఉండాలనే అక్కడ కట్టారు. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణం దారి దాని మీదుగానే పోయింది. ఆ రోజు నేను నల్లగొండలో కిటికీలకు దుప్పట్లు కట్టిన గదిలో ఉన్నాను, మా పెద్దవాళ్ళు బయటకు రానీయలేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. తర్వాత పట్నం వెలుగు పెరిగి పెరిగి అక్కడిదాకా వచ్చేసింది.

దానికన్నా ముందు నిజామియా అబ్జర్వేటరీ. 1901లో నవాబ్ జఫర్ జంగ్ పెట్టింది, తర్వాత బేగంపేటకు మార్చారు. ప్రపంచంలోని అబ్జర్వేటరీలు ఆకాశాన్ని ముక్కలుగా పంచుకుని ఫోటోలు తీసి నక్షత్రాల పట్టిక తయారుచేస్తుంటే అందులో ఒక భాగం హైదరాబాద్‌కు వచ్చింది. 8 అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్‌తో (ఆకాశాన్ని ఫోటో తీసే టెలిస్కోప్ కెమెరా) గాజు పలకల మీద తీశారు, 7 లక్షల 60 వేలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచారు. కెమెరా పక్కనే ఇంకో టెలిస్కోప్ ఉండేది, ఎక్స్‌పోజర్ అయిపోయేదాకా మనిషి దానికి కన్ను ఆనించి, అడ్డగీతల మధ్య నుంచి చుక్క జరగకుండా చేత్తో సర్దుతూ కూర్చునేవాడు. లాంగ్ ఎక్స్‌పోజర్ మన దగ్గరికి నిన్న మొన్న వచ్చింది కాదు బాబూ.

దేవరకొండ_రాత్రులు
మార్చి 6, రాత్రి 10:02

సార్, ఈ సంగతి నాకు అస్సలు తెల్వదు. బేగంపేట ఎన్నిసార్లు పోయిన్నో.

పాలమూరు_ఆకాశం
మార్చి 9, రాత్రి 8:37

ముడుమాల్ నిలువురాళ్ళ పేరు మొన్న యునెస్కో తాత్కాలిక జాబితాల చేరిందని అందరు చూసే ఉంటరు. ఆ ఊరు మా అప్పటి ఉమ్మడి పాలమూరే, ఇప్పుడు నారాయణపేట జిల్లా, కృష్ణ ఒడ్డున ఉంటది. దాదాపు 3500 ఏండ్ల కిందివి, కొన్ని మనిషికి రెండింతల ఎత్తు ఉంటయి. అక్కడ ఒక రాయి మీద చిన్న చిన్న గుంటలు తొలిచి ఉన్నయి, అవి సప్తర్షి మండలం ఆకారంల ఉన్నయని పరిశోధకులు చెప్పిండ్రు. నేను పోయిన నెల పగటిపూట పోయిన, ఆ గుంటల మీద వేలు పెట్టి ఒక్కొక్కటి దాటుకుంట పోయిన, బొటనవేలు కొస పట్టేంత ఉంటయి, లోపల నున్నగ ఉంది. ఇప్పుడు మార్చి రాత్రులల్ల సప్తర్షులు ఈశాన్యంల పైకి లేస్తయి. మా నాయనమ్మ దాన్ని మంచంకోళ్ళు అనేది. ఆ రాళ్ళ మీద లేస్తున్న సప్తర్షులను ఒక్క ఫ్రేమ్‌ల పట్టాలని నా కోరిక. ముందుగ ఊరోళ్ళతోని, అధికారులతోని మాట్లాడి అనుమతి తీసుకొనే పోత. పోయేటోళ్ళు ఎవరన్న ఉంటే రాళ్ళ మీద ఎక్కకుండ్రి, వాటిని ఊరోళ్ళు దేవుళ్ళని మొక్కుతరు.

మునుగోడు_మొబైల్
మార్చి 10, ఉదయం 8:18

సార్ చిన్న డౌట్. మిరుగు కార్తెల మృగశిర చుక్క చూద్దామని పోయినేడు జూన్‌ల వెతికిన, దొరకలే. మబ్బు కూడా లేకుండె.

లెక్కలసార్_నల్లగొండ
మార్చి 10, ఉదయం 8:55

దొరకదు. కార్తె అంటే సూర్యుడు ఆ నక్షత్రంలో ఉన్న రోజులు. మిరుగు నాడు మృగశిర సూర్యుడితోపాటే పొద్దున లేచి సాయంత్రం మునుగుతుంది. దాన్ని రాత్రంతా చూడాలంటే డిసెంబర్‌లో చూడు.

దేవరకొండ_రాత్రులు
మార్చి 22, రాత్రి 9:30

29 అమావాస్య. 28 రాత్రి పోదామనుకుంటున్న. పాలపుంత నడిమి భాగం ఎప్పుడు లేస్తది, ఏ దిక్కు?

పాలమూరు_ఆకాశం
మార్చి 22, రాత్రి 10:05

అర్ధరాత్రి దాటినంక ఆగ్నేయంల లేస్తది. మూడున్నరకల్ల మంచి ఎత్తుకు వస్తది, ఐదు కాకముందే తెల్లారుడు మొదలైతది, కాబట్టి నీ టైము మూడున్నర నుంచి నాలుగు యాభై. మన దగ్గర నుంచి అది మా గొప్పగ 44 డిగ్రీల ఎత్తు దాక పోతది, దేశానికి పైన ఉన్నోళ్ళకు ఇంత ఎత్తు రాదు, మనకు అదృష్టమే. ముందుగాల ఎర్రగ మెరిసే జ్యేష్ఠను పట్టుకో, దాని కింద కొక్కెం తీరుగ తేలు తోక, ఆ కొసకు మూల. తోకకు ఎడమ పక్కన ధనుస్సు, కేంద్రం అక్కడ్నే. జూన్ దాటితే వానలు, మల్ల అక్టోబర్‌ల పొద్దుమూకినంక నైరుతిల కొద్దిసేపే దొరుకుతది, కాబట్టి ఈ రెండు మూడు అమావాస్యలు ఇడవకు.

ఒక్క ఫోటో మీద ఆధారపడకు. 13 సెకన్లవి 40 వరుసగ తియ్యి, జేపెగ్‌ల కాదు, రా (RAW) ఫైళ్ళల్ల. అన్ని కలిపితే చుక్కలు అక్కడ్నే ఉంటయి, గరుకు (నాయిస్) తగ్గుతది, 16 కలిపితే నాలుగింతలు, 40కి ఆరింతలు. అయిపోయినంక మూత పెట్టి అదే ఐఎస్ఓ, అదే 13 సెకన్లతోని 15 తియ్యి, వాటిని డార్క్‌లు అంటరు. మన ఎండకాలం రాత్రి కూడా సెన్సార్ వేడిగ ఉంటది, ఎరుపు నీలం చుక్కలు పుడ్తయి, అవి డార్క్‌లతోని పోతయి. ఆడికాడ్నే తియ్యాలె, ఇంటికొచ్చి ఫ్యాన్ కింద తీస్తే వేడి మారిపోతది. కెమెరాల లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆఫ్ చేసుకో, లేకుంటే ప్రతి ఫోటోకు ఇంకో 13 సెకన్లు తింటది. కలపటానికి సీక్వేటర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, నేలను వేరుగ ఉంచే ఆప్షన్ ఉంటది, అది పెట్టుకో, లేకుంటే చుక్కలు నిలబడి తాటిచెట్లు సాగుతయి.

దేవరకొండ_రాత్రులు
మార్చి 30, మధ్యాహ్నం 12:15

అందరికీ ఉగాది శుభాకాంక్షలు. పచ్చడి తిని కూసొని రాస్తున్న.

28 రాత్రి పన్నెండుకే పోయిన. మూడు బండ పలకలు సైకిల్ మోటర్ మీద ఏసుకపోయి కాళ్ళ కింద పెట్టిన, పది నిమిషాలు దూరంగ కూసున్న. హీటింగ్ పట్టీ ఆన్‌లోనే ఉంది. జ్యేష్ఠ మీద ఫోకస్ చేసి టేపు అంటించిన. మూడు నలభైకి మొదలుపెట్టిన, 40 తీసిన, 15 డార్క్‌లు తీసిన. నలభయ్యో ఫోటోల చుక్క మొదటి ఫోటో తీరుగనే ఉంది, సూది మొనే.

నిన్నంత కలిపిన. చెరువుల నీళ్ళు తక్కువున్నయి, తుమ్మచెట్లు నల్లగ, వాటి మీదికెళ్ళి పాలపుంత ఏటవాలుగ లేచింది, నడుమ నల్లటి చీలిక కూడా కనపడ్తుంది, నా కంటికి అక్కడ ఉన్నప్పుడు తెల్ల చార లెక్కనే కనపడ్డది.

మా నాయనకు చూపించిన. 2018కి ముందు కరెంటు రాత్రిపూట ఇచ్చేటోళ్ళు కదా, మోటర్ ఏయటానికి రెండింటికి, మూడింటికి బావి కాడికి పోయేటోడు. చాలాసేపు చూసిండు. ఈ చార నేను రోజు చూసినదే, దీని కిందికెళ్ళే నడిచి పోయేటోణ్ణి అన్నడు. తర్వాత ఈ ఫోటోల పిల్లలకోడి ఏది అని అడిగిండు. ఇప్పుడు అది పది గంటలకే మునుగుతది అని చెప్పిన. మల్ల ఎప్పుడొస్తదో చెప్పు, నేను కూడా వస్త అన్నడు. సార్, పాలమూరు అన్న, కార్తీక మాసంల అయితే బాగుంటదా?

సాగర్_కెమెరా
మార్చి 30, మధ్యాహ్నం 12:40

తమ్మి, ఫోటో చూసిన. మా ఇంట్ల అందరికి చూపించిన.

లెక్కలసార్_నల్లగొండ
మార్చి 30, మధ్యాహ్నం 2:05

చాలా సంతోషం బాబూ. కార్తీక పౌర్ణమికి మాత్రం వద్దు, ఆనాడు చంద్రుడు కృత్తిక దగ్గరే ఉంటాడు, ఆ నెలకు పేరు వచ్చిందే అందుకు. పిల్లలకోడి వెన్నెల్లో మునిగిపోతుంది. దీపావళి అమావాస్యకు పటాకుల పొగ. దాని తర్వాతి అమావాస్య, నవంబర్ 20, రాత్రి పదకొండింటికి అది దాదాపు నెత్తి మీద ఉంటుంది. మీ నాన్నగారికి మెడ నొప్పి పుట్టకుండా మంచం వేయించు.

పాలమూరు_ఆకాశం
మార్చి 30, సాయంత్రం 5:30

దానికి 18 చాలదు, 55 కొసకు పోవాలె. అక్కడ ఎఫ్ 5.6, కాబట్టి ఐదు సెకన్లు మించకు, 100 ఫోటోల దాక తియ్యి. నేను కూడా వస్త, పాలమూరు నుంచి దేవరకొండ ఎంత దూరం.

దేవరకొండ_రాత్రులు
మార్చి 30, సాయంత్రం 5:52

రా అన్నా. మంచం మీద నాయన పక్కన జాగ ఉంటది, బండ పలకలు ఇంకో మూడు కట్ట మీదనే పెట్టి ఉంచుత.